ఉదయగిరిలో మూసి ఉంచమన్న కన్ను

వెలుగును తన మాటతో పుట్టించి, అది కాపురముండే చోటికి దారి మాత్రం ఏ మనుష్యుడికీ చెప్పకుండా తన దగ్గరే దాచుకున్న దేవునికి స్తోత్రం. ఆ వెలుగును ఒక్క క్షణమైనా నిలిపి చూడాలని ఆశపడిన వాళ్ళను ఆయన కోప్పడలేదు. ఆశ తీర్చనూ లేదు. రెండింటికీ ఆయన నామానికే మహిమ కలుగుగాక.

పోయిన ఏప్రిల్‌లో, అంటే 1996 ఎండాకాలంలో, నెల్లూరు జిల్లా పడమటి వైపు వెళ్ళివచ్చాను. మా కాకినాడ సంఘంలో అటువైపు చూసినవాళ్ళు తక్కువ కాబట్టి రాస్తున్నాను. సంతోషంగా రాయాలనే కూర్చున్నాను గాని, కుదిరేటట్టు లేదు.

నేను మద్రాసులో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మా సారుకు గుడి లేదు, చర్చి లేదు. లెక్క ఒక్కటే ఉంది. పుట్టి పదేళ్ళు కూడా కాని ఒక విద్య మీద, అది పుట్టిన నాటి నుంచీ ఆయన కాగితాలు నింపుతున్నారు. సంగతి ఇదీ. గట్టి పలక ఒకటి తీసుకుని దాని నిండా ఒకే ఎడంతో వరసలుగా చిల్లులు వేస్తే, ఆ ఎడానికి తగిన అల అందులోకి పోలేదు. ప్రతి చిల్లు దగ్గరా అల కొంచెం వెనక్కి తిరుగుతుంది. తిరిగినవన్నీ కలిసి ముందుకు పోయేదాన్ని ఆపేస్తాయి. ఆ హద్దు దగ్గరలో ఉండే అల ముందుకూ వెనక్కీ ఊగుతూ నత్తలాగా నడుస్తుంది. ఇక ఆ వరసల నడుమ ఒకే ఒక్క చిల్లు వేయకుండా వదిలేస్తే, ఆ చోట చిక్కిన అలకు బయటికి దారి ఉండదు. చుట్టూ ఉన్న చిల్లులే దానికి గోడలు. అక్కడే తిరుగుతూ కాసేపు నిలుస్తుంది. వెలుగుకు గది కట్టడమంటే అదే.

కంటికి కనిపించే వెలుగుకైతే ఆ చిల్లులు వెంట్రుక కంటే ఎంతో సన్నగా ఉండాలి. అది మా చేతుల్లో లేదు. అందుకని వేలెడు పొడుగుండే మైక్రోవేవ్ అలలతో చేద్దామన్నారు సారు. అవీ వెలుగు జాతివే, కొలత పెద్దది. "చిన్నదానికి ఒక చట్టం, పెద్దదానికి ఒక చట్టం లేదమ్మా" అనేవారు.

దానికి కావలసిన పలక, పింగాణీ పొడి కలిపిన ఒక రకం ప్లాస్టిక్‌ది, విదేశంలో ఉన్న ఆయన స్నేహితుడు ఒక్కటి పంపాడు. ఇంకొకటి రాదు. మే నెలాఖరుకు సారు రిటైరవుతారు. ఆ తరువాత మా ల్యాబు గది వేరే పనికి, యంత్రం వేరేవాళ్ళకు పోతాయి. "ఒక్కసారి ఆ గదిలో అల నిలవడం మీటరు మీద చూసి ఇంటికి పోతాను" అన్నారు సారు. ఆయన నన్ను అడిగింది అంతే.

పలకతో వచ్చిన చిన్న నమూనా ముక్కకు మా వర్క్‌షాపులో చిల్లులు వేయబోతే కరెంటు డ్రిల్లు వేడికి చిల్లుకూ చిల్లుకూ నడుమ గోడలు పగిలి పొడి అయిపోయింది. నా దగ్గర ఉదయగిరి చెక్క గరిటె ఒకటి ఉండేది, ఎగ్జిబిషన్లో కొన్నది. దాని పిడి నిండా వరస చిల్లుల జాలీ పనే. గోడలు కాగితమంత పలుచన. సారు దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది కరెంటు లేని చేతి బరమాతో చిల్లులు వేసిన పని. వెళ్ళిరా" అన్నారు.

నెల్లూరు దాటాక

నెల్లూరులో రైలు దిగి ఆత్మకూరు బస్సెక్కాను. పలకను దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. చంటిపిల్ల బరువుంది. పక్క సీటు పెద్దావిడ సంగం దాకా ఓపిక పట్టి, ఇక ఆగలేక వేలితో పొడిచి చూసింది.

"ఏంది పాపా ఇది? చపాతీ పీటా?"

"కాదండీ, చదువుకు సంబంధించింది."

"ఇంత బరువా చదువు! మా మనవడు అందుకే ఇడిసిపెట్టినాడేమో." బస్సంతా నవ్వింది. ఆమె నా చేతిలో దోరమామిడికాయ ముక్కలు పెట్టింది, ఉప్పూ కారం అద్ది. మా వైపు బస్సుల్లో ముందు ఊరు అడుగుతారు, తరువాత కులం అడుగుతారు. ఇక్కడ ముందు తినడానికి పెట్టి ఆ తరువాత అన్నీ అడుగుతారు.

ఆత్మకూరు

ఆత్మకూరులో పాస్టరు గారింట్లో దిగాను. అయ్యగారు ఊళ్ళో లేరు, సుగుణమ్మగారే ఉన్నారు. ఆ సాయంత్రం ప్రార్థన కూడికకు తీసుకుపోయారు. కాకినాడలో మనం బెంచీల మీద కూర్చుంటాం. ఇక్కడ చెప్పులు బయట విడిచి చాపల మీద, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. పాట ఎత్తుకుంటే కంజీర పై కప్పు లేచేటట్టు మోగుతుంది. శనివారం చర్చి ఆవరణలో కంటి క్యాంపు ఉందని, నెల్లూరు నుంచి డాక్టరమ్మ వస్తుందని ప్రకటించారు.

రాత్రి భోజనంలో చేపల పులుసు, మామిడికాయ వేసింది. మా ఇంట్లో పులుసులో చిటికెడు బెల్లం పడుతుందని చెప్పాను.

"చేపలకు బెల్లమా? పాయసం చేసుకుంటారా ఏంది?" అన్నారు సుగుణమ్మగారు. ఆ చేప సోమశిల డ్యాముది. ఆమె పుట్టిన ఊరు ఆ డ్యాము నీళ్ళ కింద ఉంది. నా పని ఏమిటని అడిగితే, పరుగెత్తే వెలుగును నెమ్మది చేసి ఒక చోట నిలపడం అని చెప్పాను.

"పెన్న నీళ్ళను ఆపినట్టా?"

"ఇంచుమించు అంతేనండీ."

ఆమె నా పళ్ళెంలో ఇంకో ముక్క వేశారు. "ఆపండి, మంచిదే. మా పొలాలకు నీళ్ళు వచ్చినాయి. ఏమన్నా ఆపేటప్పుడు దాని కింద మునిగేది ఎవురిల్లో ఒక తూరి చూసుకోండి పాపా."

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను.

ఉదయగిరి

దుర్గం కొండ చాలా దూరం నుంచే కనిపిస్తుంది. కొండ కింద ఊరు వేడెక్కిన పెనంలాగుంది. బస్టాండు దగ్గర రెండు రూపాయల నన్నారి షర్బత్ తాగితేగాని అడుగు పడలేదు. గరిటెల పని చేసే వీధి ఎక్కడని ఎవరినీ అడగనక్కరలేదు, తెల్లటి చెక్కపొట్టు గాలికి రోడ్డు మీదికి వస్తుంటుంది.

ఆ వీధిలో నాకు దొరికిన పనివాడు మస్తాన్, యాభై దాటిన మనిషి. వంశంలో అందరూ ఇదే పని. ఆయన చిల్లులు వేస్తే, భార్య ఖాదర్‌బీ గరుకు కాగితంతో నునుపు చేస్తుంది. నేను వెళ్ళేసరికి ఆమె వీధి కుళాయి దగ్గరుంది. మస్తాన్ పలకను వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు, గోటితో గీశాడు. "కర్ర గాదు, రాయి గాదు. ఏ తల్లి కన్న బిడ్డమ్మా ఇది?"

నేను గీసి తెచ్చిన కాగితాన్ని పలక మీద అంటించాను. చిల్లులు పడవలసిన చోట చుక్కలు. నట్టనడుమ ఒక్క చోట మాత్రం ఇంటూ మార్కు పెట్టి, అది వద్దని నోటితో కూడా చెప్పాను.

వాళ్ళు చిల్లును కన్ను అంటారు, మనం జల్లెడ కళ్ళు అన్నట్టు. "జాలీలో ఒక కన్ను గుడ్డిదైతే ఎవురూ కొనరమ్మా. మా నాయనైతే పొయ్యిలో పెట్టేవాడు" అన్నాడు మస్తాన్.

"ఆ గుడ్డి కన్ను కోసమే ఇదంతా అన్నా. మిగతావన్నీ దానికి కాపలా."

"ఇన్ని కన్నులు ఒక గుడ్డిదానికి కాపలానా! కలికాలం గాదమ్మా ఇది, కాలేజీ కాలం." పడీపడీ నవ్వి, నడుమ మార్కు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. "సరే. దీన్ని ముట్టుకోను."

లాడ్జిలో దిగుతానంటే ఖాదర్‌బీ ఒప్పుకోలేదు. "ఆడపిల్లవు, లాడ్జేంది? మా ఇంట్లో కప్పు ఉండాది, అన్నం ఉండాది." రాగి సంకటి, పప్పుచారు, వేయించిన ఎండుమిరపకాయ పెట్టింది. అతిథికి ముందు పెట్టి నిలబడి చూడడం మా వైపు మర్యాద. ఆమె మాత్రం ఆయన తిన్నాక నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని తింది. ఏసుప్రభువు గురించి అడిగింది. చెప్పాను. వాళ్ళ గ్రంథంలోనూ ఆయన ఉన్నాడని, తల్లి పేరు కూడా చెప్పింది. అన్ని మాటలు మాట్లాడుకున్నాం గాని ఆ ఇంటూ మార్కు గురించి మాత్రం మాట్లాడుకోలేదు. మాట్లాడాలని ఎవరికి తోస్తుంది?

మస్తాన్ బరమాను కళ్ళకద్దుకుని బిస్మిల్లా అని మొదలుపెట్టాడు. నేనూ మనసులో ప్రార్థన చేశాను. ఆ బరమా విల్లులాంటిది. తాడు చుట్టి ఇటూ అటూ లాగితే మొన తిరుగుతుంది. వేడెక్కదు. కాసేపు తిప్పడం, ఊదడం, నీళ్ళలో ముంచిన గుడ్డతో అద్దడం. ఒక్క గోడ పగల్లేదు. గడప దాటుతూ మాత్రం ఆయన భుజం తలుపుచెక్కకు తగిలేది, చెంబు మీద కాలు పడేది. "ఇల్లు ఇరుకు" అనేది ఖాదర్‌బీ వెంటనే, ఎవరూ అడగకుండానే.

శుక్రవారం

గురువారం సాయంత్రానికి చిల్లులన్నీ అయిపోయాయి. నడుమది మూసి ఉంది. నేను చూశాను. శుక్రవారం పొద్దున ఖాదర్‌బీ నునుపు పట్టడానికి కూర్చుంది. మస్తాన్ జుమ్మా నమాజుకు పోయాడు. నేను ఎస్టీడీ బూత్‌కు పోయి సారుకు ఫోను చేశాను.

"అయిపోయింది సార్. గది సిద్ధం."

"ఆదివారం కూడా ల్యాబు తాళం తీయించి ఉంచుతాను" అన్నారు. ఆయన గొంతు అంత కుర్రగా నేనెప్పుడూ వినలేదు.

తిరిగి వచ్చేసరికి మస్తాన్ అరుగు మీద ఉన్నాడు. "చూసుకో అమ్మా నీ గుడ్డి కన్ను" అంటూ పలకను ఒళ్ళోకి తీసుకున్నాడు. నా ముఖం వైపే చూస్తూ చూపుడువేలితో నడుమ వరసను తడుముతూ పోయాడు. వేలు దిగిపోయింది.

వేలు బయటికి తీసి మళ్ళీ తడిమాడు. మళ్ళీ దిగింది.

"ఇది నేను ఏసింది గాదు."

ఖాదర్‌బీ లోపల్నుంచి వచ్చింది, చేతులు తుడుచుకుంటూ. "నేనే ఏసినాలే. ఇంటూ మార్కు పెట్టి ఉంటే గూడా ఇడిసిపెట్టినావు. ఎప్పుడూ అంచు కన్నులే గదా ఇడిసిపెట్టేది, ఇప్పుడు నట్టనడుమదే పోనిస్తివి. మద్రాసు పాప ముందర నీకు మాట రాకూడదని..."

అక్కడ ఆగిపోయింది. ఆయన ముఖం చూసి ఆగింది.

ఆ ఇంట్లో ఇంటూ మార్కు అంటే తీసెయ్యాల్సిన చోటు. గరిటె గిన్నెలో తవ్వాల్సిన చోటా అదే పెడతారు, జాలీలోనూ అదే. మా ల్యాబులో అదే గుర్తుకు వద్దని అర్థం. మస్తాన్‌కు నోటితో చెప్పాను కాబట్టి ఆయనకు తెలుసు. ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

మస్తాన్ నా వైపు చూడలేదు. "అంచు కన్నులా? ఎన్నాళ్ళ నించి?"

ఆమె తుడుచుకున్న చేతులనే మళ్ళీ కొంగుతో తుడుచుకుంది.

"అడుగుతుండేది నిన్నే. ఎన్నాళ్ళ నించి నా ఎనకాల నువ్వు ఏస్తుండావు?"

"పోయిన బక్రీదు నించి."

నేను గడప మీద కూర్చుండిపోయాను. సారు గొంతు ఇంకా చెవిలో ఉంది. ఖాదర్‌బీకి సంగతి చెప్పవలసి వచ్చింది. ఆ కన్ను కావాలని మూయించామని, ఇంకో పలక లేదని. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అరవలేదు. "పాపా, పాపా" అని రెండుసార్లు అని నా పాదాల దగ్గర కూర్చుంది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. నాకూ ఏడుపు వచ్చింది. ఎవరి కోసం వచ్చిందో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

మస్తానే ముందు లేచాడు. "దీని ముక్క ఇంగొకటి ఉంటే గట్టిగా బిగించి ఇస్తాను. ఉండాదా?" లేదన్నాను. గోనెపట్ట మీద రాలిన పొడిని ముగ్గురం కూడదీశాం. చాలా భాగం అప్పటికే గాలికి పోయింది. ఉన్నదాన్ని జిగురుతో కలిపి ఆ కన్ను పూడ్చి ఎండబెట్టాం.

మళ్ళీ ఆత్మకూరు

భుజం తలుపుకు తగలడం, అంచు కన్నులు వదలడం తలుచుకుని శనివారం కంటి క్యాంపుకు రమ్మంటే మస్తాన్ వినలేదు. "నా కన్ను బాగానే ఉండాది. దారం గూడా సూదిలో ఎక్కిస్తా." నేను ఆయన పక్కన నిలబడి, ఎదురుగా గోడ వైపే చూడమని, చెయ్యి ఎత్తాను. "కనిపిస్తోందా అన్నా?"

"ఏంది కనపడేది?"

ఖాదర్‌బీ ముఖం తిప్పుకుంది. ఆ తరువాత ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

బస్సులో వాళ్ళిద్దరూ ముందు సీటు, నేను వెనక, పలక ఒళ్ళో. చాలా దూరం పోయాక మస్తాన్ అన్నాడు: "నా కన్ను పోతుండాదని నీకు తెలుసు, నాకు తెలీదు. ఇద్దురం ఒక ఇంట్లోనే ఉండాము."

"చెప్తే బరమా కింద పెట్టేస్తావని..."

"పెట్టేస్తానేమో. పెట్టనిచ్చి ఉంటే బాగుండె."

చర్చి ఆవరణలో షామియానా వేశారు. సుగుణమ్మగారు మజ్జిగ ఇచ్చి మమ్మల్ని ముందు వరసకు తీసుకుపోయారు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. నీటికాసులు అంది. కంట్లో ఊరే నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపలే నిలిచి నరాన్ని నొక్కేస్తాయట. చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదు. ఎడమ కన్ను దాదాపు అయిపోయింది. కుడికన్నును చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు. నేను ఎన్నేళ్ళుగానో నిలపడం గురించే చదువుతున్నాను. నిలిచిపోవడం ఇలా కూడా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఏడాది కిందట వచ్చి ఉంటే రెండూ దక్కేవి. తడబడడం ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అంది డాక్టరమ్మ, చీటీ రాస్తూ.

ఖాదర్‌బీ ముందుకు వచ్చింది. "ఆయన ఇడిసిపెట్టిన కన్నులన్నీ నేను ఏసినాను మేడమా. ఒక్కటి గూడా వదల్లా."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. తరువాతి మనిషిని పిలిచింది.

సుగుణమ్మగారు ఖాదర్‌బీని చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి భుజం చుట్టూ చెయ్యి వేశారు. "ప్రార్థన చెయ్యమంటావా తల్లీ?" అని అడిగారు, ఆయన వైపు కూడా చూస్తూ.

"చెయ్యండమ్మా. దువా ఎవురు చేస్తే ఏమి" అన్నాడు మస్తాన్, టోపీ సరిచేసుకుంటూ.

సంఘ ప్రార్థనలు పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అంత తక్కువ మాటల ప్రార్థన వినలేదు. ప్రభువా, మిగిలిన కన్ను కాపాడు అన్నారు. అంతే.

మద్రాసు

ఆదివారం సారు తాళం తీయించి కూర్చుని ఉన్నారు. సంగతి ముందే చెప్పాను. అయినా పలకను బిగించి అలలు పంపాం. రావద్దన్న అలలు రాలేదు. పలక వాటిని గోడలాగా ఆపింది, మా లెక్క ప్రకారమే, ఎంతో శుభ్రంగా. హద్దు దగ్గరి అలలు నెమ్మదించాయి కూడా. కాని గది ఉండవలసిన చోట, సూదిలా నిలవవలసిన గీత బదులు, మీటరు మీద ఒక చిన్న ఉబ్బు. ఉందంటే ఉంది, లేదంటే లేదు. పొడి, జిగురు కలిపి పూడ్చిన కన్నులో అల నిలవలేదు.

సారు కళ్ళజోడు తీసి పలకను చేత్తో నిమిరారు. "పలకలో ఒక్క తప్పు కూడా లేదమ్మా. మనకు కావలసింది ఆ ఒక్క తప్పే" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఆయన కుడికన్ను సంగతి కనుక్కుంటూ ఉండు" అన్నారు. మే నెలాఖరుకు ఆయనకు పూలదండ వేసి పంపారు. దండను పలక మీద పెట్టి, పలకను చంకలో పెట్టుకుని ఆయన మెట్లు దిగడం చూశాను. దానితో ఇంట్లో ఏం చేస్తారో అడగలేకపోయాను.

మొన్న సుగుణమ్మగారు ఫోను చేశారు. మస్తాన్ కుడికన్ను అలాగే నిలిచి ఉంది. జాలీ పని మానేసి మామూలు గరిటెలు చేస్తున్నాడు. కంటి చుక్కలు ఖాదర్‌బీయే వేస్తుంది, వేళ తప్పదు. ఆయన ఆమెతో మామూలుగానే మాట్లాడుతున్నాడు, కోపం లేదు. కాని ఆమె మళ్ళీ బరమా ముట్టలేదు. ఎవరైనా ఓదార్చబోతే, నేనే పోగొట్టినాను అని ఒకే మాట అంటుందట.

ఇది చదువుతున్న అన్నలారా, అక్కలారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి. మా సారు ముసలితనాన్ని దేవుడు ఖాళీగా ఉంచకూడదని అడగండి. మస్తాన్ కంట్లో మిగిలిన చూపు ఆయన బతికినంత కాలం ఉండాలని అడగండి. ముఖ్యంగా ఖాదర్‌బీ కోసం అడగండి. భర్తకు మాట రాకూడదని ఆమె చేసిన పనిని దేవుడు ఏనాడో ప్రేమగానే ఎంచాడని నేను నమ్ముతున్నాను. ఆమె కూడా దాన్ని అలాగే ఎంచుకునే రోజు త్వరగా రావాలని అడగండి. ఆమేన్ అనండి.